పిడికిలి దగ్గర మొదలుపెట్టు

తల్లీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. పిండంలో కాళ్లూ చేతుల కండరాల గురించి తెలుగులో రాయాలనుకున్నావు, అదే నాకు పెద్ద సంతోషం. కానీ మొదటి పేరాలోనే "చేతిలో కండరాలు, టెండాన్లు ఏర్పడతాయి" అని తేల్చేశావు. అసలు కథ అక్కడే జారిపోయింది.

చేతి కండరం చేతిలో పుట్టదమ్మా. పిండం వీపు పొడవునా రెండు వైపులా బారులు తీరిన సోమైట్లలో, అంటే చిన్న చిన్న కణాల ముద్దల్లో, దాని కణాలు పుట్టి, చేయి ఇంకా చిన్న మొగ్గగా ఉన్నప్పుడే అందులోకి వలస వస్తాయి. కండరాన్ని ఎముకకు కట్టే తాడు లాంటి టెండాన్, ఎముక మాత్రం ఆ మొగ్గలోవే. వలస వచ్చినవాళ్లూ ఊళ్లోవాళ్లూ కలిసి కాపురం పెట్టాలన్నమాట. ఈ సంగతి ఎలా తెలిసిందో కూడా రాయి. రంగు వేస్తే కౌజుపిట్ట కణాలు కోడి కణాల మధ్య ఇట్టే దొరికిపోతాయని 1969లో ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారిన్ అనే శాస్త్రవేత్త చూపించారు. కౌజు సోమైట్లను కోడి పిండంలో అతికించి చూస్తే, 1970ల్లో రెక్క కండరాల పుట్టిల్లు బయటపడింది. క్షీరదాల్లోనూ అంతే. పాక్స్3 అనే జన్యువు పనిచేయని చిట్టెలుక పిండంలో కాళ్ల ఎముకలుంటాయి, కండరాలుండవు.

నాకు బాగా ఇష్టమైన ఘట్టాన్ని నువ్వు వదిలేశావు. వేళ్లను ముడిచే పైవరస కండరాలు చిట్టెలుకలో మొదట పంజాలోనే తయారవుతాయి. తర్వాత, పిండం వయసు సుమారు 14వ రోజు నుంచి 16వ రోజు లోపు, కండరపు పోగులన్నీ కట్టగట్టుకుని మణికట్టు దాటి ముంజేతిలోకి వెళ్లిపోతాయి! టెండాన్ పట్టు లేకపోయినా, కండరం బిగుసుకోకపోయినా ఆ ప్రయాణం సరిగా సాగదు. ఇది 2013లో చిట్టెలుకలో చూసింది. మనిషిలోనూ ఇంతే అని తొందరపడి రాయకు.

ఇంకొకటి. మణికట్టు దగ్గర తాడులా తేలేదాన్ని మన ఇళ్లలో "నరం" అంటారు. నాడినీ, రక్తనాళాన్నీ కూడా అదే మాటతో పిలుస్తారు. అందుకని పాఠకుణ్ని ముందు పిడికిలి బిగించమను. రెండో చేత్తో మోచేతి కింద లోపలివైపు తడమమను. కదిలేది కండరం, మణికట్టు దగ్గర బిగిసేది టెండాన్. అది వేళ్లకు తాకాక సోమైట్ల మాట ఎత్తు, టెన్షన్ పడకుండా చదువుతారు.

మార్చి పంపు. 14వ రోజు పంజా బొమ్మ ఒకటి నీ చేత్తోనే గీసి జతచెయ్యి.

ఆశీస్సులతో,
మీ అక్క