చక్కెర ముక్క వెతికే ముందు

చిరంజీవి మేనకోడలికి,

అణువుల్లో చక్కెర ముక్కల్ని వెతికి తీసేయడానికి నువ్వు రాసిన కోడ్ చూశాను. గ్లూకోజ్‌కి ఒక స్మార్ట్స్ ప్యాటర్న్ (అణువులో ఫలానా ముక్కని వెతకడానికి అక్షరాల్లో రాసే నమూనా) రాసుకున్నావు, విల్లో చెట్టు బెరడులో ఉండే శాలిసిన్‌లో అది దొరికేసరికి సంబరపడ్డావు. శాలిసిన్‌లో ఎవరికైనా దొరుకుతుంది తల్లీ. ఒక్కో చక్కెరకి ఒక్కో ప్యాటర్న్ రాసుకుంటూ పోతే ఆ జాబితాకి అంతుండదు.

వలయం చూడు. ఐదారు పరమాణువులు, అందులో ఒకే ఒక్క ఆక్సిజన్, మిగతావన్నీ కార్బన్లు, అన్నీ సింగిల్ బాండ్లే. పక్క వలయంతో కలిసిపోయి ఉండకూడదు. తర్వాత ఆ వలయానికి బయట నేరుగా తగులుకున్న ఆక్సిజన్లు లెక్కపెట్టి, వలయంలోని పరమాణువుల సంఖ్యతో భాగించు. గ్లైకోసైడ్‌లోని, అంటే వేరే ముక్కకి తగులుకుని ఉన్న, గ్లూకోజ్‌కి 4/6 వస్తుంది. 0.5 గానీ అంతకు మించి గానీ ఉంటే చక్కెర అనుకోవచ్చు. బయట ఆక్సిజన్లేవీ లేని ఉత్త టెట్రాహైడ్రోపైరాన్ వలయాలు (ఐదు కార్బన్లు, ఒక ఆక్సిజన్) ఇక్కడే రాలిపోతాయి.

అసలు తిప్పలు ఆ 0.5 గీత దగ్గరే. గుండె మందు డిగాక్సిన్‌లో డిజిటాక్సోజ్ అనే చక్కెర మూడుసార్లు ఉంటుంది, ఒక్కోదానికి సరిగ్గా 3/6. "కంటే ఎక్కువ" అని రాశావో, మూడు చక్కెరలూ మాయం. నేను ఆ తప్పు చేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను. అడినోసిన్‌లోని రైబోజ్‌కి 2/5 మాత్రమే, ఎందుకంటే చివరి ఆక్సిజన్ వలయానికి నేరుగా తగలదు, మొదటి కార్బన్‌కి ఆక్సిజన్ బదులు నైట్రోజన్ ఉంది. క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్‌లోని డానోసమైన్ అనే చక్కెరకైతే 2/6, అక్కడా ఒక చోట ఆక్సిజన్ బదులు నైట్రోజన్ ఉంది మరి. నైట్రోజన్‌నీ లెక్కలో వేస్తే ఈ రెండూ గట్టెక్కుతాయి, కానీ చక్కెరలు కానివీ కొన్ని చొరబడతాయి. ఏ నష్టం భరించగలవో నువ్వే తేల్చుకోవాలి.

మామిడిలో దొరికే మ్యాంగిఫెరిన్‌లో గ్లూకోజ్ కార్బన్-కార్బన్ బంధంతో అతుక్కుంది. చక్కెరకీ మిగతా అణువుకీ మధ్యలో ఆక్సిజన్ ఉండి తీరాలని షరతు పెడితే అది జారిపోతుంది.

స్టీరియో, అంటే పరమాణువులు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయన్న సమాచారం, దాని జోలికి మొదట్లో పోకు. గ్లూకోజ్‌కీ గెలాక్టోజ్‌కీ తేడా నాలుగో కార్బన్ దగ్గరే, డేటాబేసుల్లో ఆ సమాచారం చాలాసార్లు ఉండదు.

చక్కెరల్ని తీసేసేటప్పుడు చివర ఉన్నవే తియ్యి, తీశాక మళ్లీ వెతుకు. స్టీవియా ఆకులోని తీపి పదార్థం స్టీవియోసైడ్‌లో ఒక గ్లూకోజ్ పోయాకే దాని వెనకది చివరికొస్తుంది. సుక్రోజ్‌లో అన్నీ తీసేస్తే ఏమీ మిగలదు, ప్రోగ్రామ్ అక్కడ పడిపోకుండా చూసుకో.

పైన చెప్పిన అణువుల్ని కాగితం మీద గీసి, జవాబులు చేత్తో రాసుకుని, వాటినే టెస్టులుగా పెట్టుకో. మ్యాంగిఫెరిన్ విషయంలో ఏం తేల్చావో ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మామయ్య