ల్యాప్‌టాప్‌లో ఈథర్‌నెట్ అడాప్టర్ మాయమైతే డ్రైవర్ కన్నా ముందు చూడాల్సింది

వైఫై బాగానే ఉంది, కేబుల్ పెడితే మాత్రం ఏమీ రావట్లేదు, డివైస్ మేనేజర్‌లో (విండోస్ తన పరికరాలన్నీ చూపించే చోటు) ఈథర్‌నెట్, అంటే కేబుల్ నెట్‌వర్క్, పేరే లేదు, డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మూడుసార్లు వేసినా మార్పు లేదు. మీ సమస్య ఇదేనా? సరిగ్గా ఇదే నాకూ జరిగింది. రెండు రోజులు డ్రైవర్ల వెంటే తిరిగాను. అందుకే మొదటి మాటగా చెప్తున్నా, ఇంకో డ్రైవర్ వేయకండి. అసలు ఈథర్‌నెట్ చిప్ మెషీన్‌కి కనబడుతోందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. కనబడని చిప్‌కి ఏ డ్రైవర్ వేసినా ఉపయోగం ఉండదు.

డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో 'షో హిడెన్ డివైసెస్' నొక్కండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఈథర్‌నెట్ పేరు వెలిసిపోయినట్టు లేతగా కనిపిస్తే డబుల్ క్లిక్ చేయండి. కోడ్ 45 ఉంటే, ఆ పరికరం ఇప్పుడు కంప్యూటర్‌కి కనెక్ట్ అయి లేదని అర్థం. బోర్డు మీదే ఉన్న చిప్ గురించి అలా చెబుతోందంటే, అది విండోస్ దాకా రావడమే లేదన్నమాట. కోడ్ 28 అయితే సంగతి వేరు, నిజంగానే డ్రైవర్ లేదు. అప్పుడు డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. అందులో వెన్ (VEN, అంటే తయారీ కంపెనీ కోడ్) పక్కన 8086 ఉంటే ఇంటెల్ చిప్, 10ఈసీ (10EC) ఉంటే రియల్‌టెక్. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచే డ్రైవర్ తీసుకోండి.

నాకు వచ్చింది 45. అయినా నమ్మకం కుదరక, విండోస్‌కి బదులు వాడే ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేశాను. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) ఎల్ఎస్‌పీసీఐ (lspci) అని కొడితే పీసీఐ మీద, అంటే బోర్డులో చిప్‌లను, కార్డులను కలిపే దారి మీద, ఉన్నవన్నీ వరసగా వస్తాయి. గ్రాఫిక్స్ ఉంది, వైఫై కార్డు ఉంది, ఈథర్‌నెట్ లైను లేదు. పైనుంచి కిందికి మళ్లీ చదివాను, లేదు. తప్పు విండోస్‌ది కాదని అక్కడే తేలిపోయింది. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మెషీన్ సెట్టింగులు) చూస్తే లాన్ కంట్రోలర్, అంటే ఆ ఈథర్‌నెట్ చిప్, ఎనేబుల్‌లోనే ఉంది. మీరూ అక్కడ చూడండి, డిజేబుల్ అయి ఉంటే విండోస్‌లో ఎంత వెతికినా దొరకదు. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) వాడుతుంటే మాత్రం బయాస్‌లో ఏదైనా మార్చే ముందు రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, తర్వాత అది అడిగే అవకాశం ఉంది.

చివరికి పనిచేసింది ఇది. పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్, కేబుల్, మౌస్ అన్నీ పీకేశాను. బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్‌ని 30 సెకన్ల పాటు గట్టిగా నొక్కి పట్టుకున్నాను. చార్జర్ పెట్టి ఆన్ చేసి కేబుల్ గుచ్చగానే పోర్టు పక్కన చిన్న లైటు వెలిగింది. రెండు రోజుల తర్వాత ఆ లైటు చూస్తే ఎంత ప్రాణం లేచొచ్చిందో చెప్పలేను. షట్‌డౌన్ చేసినా లాన్ చిప్‌కి కొంత కరెంటు అందుతూనే ఉండొచ్చు, నెట్‌వర్క్ నుంచి కంప్యూటర్‌ని నిద్ర లేపే సదుపాయం ఉండేది అందుకే. చిప్ ఏదో ఒక స్థితిలో ఇరుక్కుపోతే, ఆ కరెంటు పూర్తిగా ఆగేదాకా రీస్టార్ట్‌కి కూడా లొంగదు. మీ బ్యాటరీ లోపలే ఉండి తీయలేకపోతే, బయాస్‌లో ఇంటర్నల్ బ్యాటరీని తాత్కాలికంగా ఆపే ఆప్షన్ ఉందేమో చూడండి. కొన్ని మోడళ్లలో ఉంటుంది.

వారం తర్వాత నాకు మళ్లీ పోయింది. ఈసారి పవర్ తీసి తెచ్చుకున్నాక రెండు సెట్టింగులు మార్చాను. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేయవచ్చన్న టిక్ తీసేశాను. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేశాను. అది ఆన్‌లో ఉన్నంతకాలం షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు, విండోస్ కొంత భాగాన్ని డిస్క్‌లో దాచి మళ్లీ అక్కడినుంచే లేస్తుంది. ఆ తర్వాత ఇబ్బంది రాలేదు.

ఇవన్నీ చేశాక కూడా ఎల్ఎస్‌పీసీఐలో లైను రాకపోతే చిప్ పోయినట్టే అనుకోవచ్చు. దానికోసం మదర్‌బోర్డు మార్పించకండి, యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ తీసుకుంటే పని జరిగిపోతుంది. అది గిగాబిట్ అడాప్టర్ అయితే యూఎస్‌బీ 3.0 పోర్టులోనే పెట్టండి. 2.0 పోర్టు హద్దే సెకనుకు 480 మెగాబిట్లు, పూర్తి వేగం రాదు.