బరువు పెరిగినప్పుడు షుగర్ పరీక్షకు లక్షణాలు కనిపించేదాకా ఆగవలసిన పని లేదు

మీ వయస్సు 25 అని, ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో 12 కిలోలు పెరిగారని, నాన్నగారికి షుగర్ ఉందని రాశారు. దాహం, నీరసం వంటివేమీ లేవు కాబట్టి పరీక్ష ఇప్పుడే అవసరమా అని అడిగారు. అవసరమేనని నా అభిప్రాయం. నేను వైద్యుణ్ణి కాను. దాదాపు ఇదే స్థితిలో 27వ ఏట నాకు ఎదురైన అనుభవం చెబుతాను.

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల ఉద్యోగంలో చేరాక మూడేళ్లలో నేను 70 కిలోల నుంచి 82 కిలోలకు చేరాను. ఆ ఏడాది భోగి రోజున తలంటుపోస్తూ అమ్మ నా మెడ వెనుక నల్లటి చార చూసి, సరిగా రుద్దుకోవడం లేదని కోప్పడి, నలుగుపిండితో మెడ ఎర్రబడేదాకా రుద్దింది. మంట పుట్టింది గానీ నలుపు వదల్లేదు. అక్కడి చర్మం మందంగా, వేలితో తాకితే మఖమల్ గుడ్డలా ఉండేది. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తంలో దాని మోతాదు పెరిగినప్పుడు మెడ మీద, చంకల్లో చర్మం ఇలా మారవచ్చునని తరువాత డాక్టరు గారు చెప్పారు. మీకూ అటువంటి చార ఉందేమో ఇంట్లో ఎవరినైనా ఒకసారి చూడమనండి. లేనంత మాత్రాన ముప్పు లేదని మాత్రం అనుకోవద్దు.

బరువు కన్నా నడుము కొలత ముఖ్యమని కూడా అప్పుడే తెలిసింది. నా ప్యాంటు సైజు 34 కదా అన్న ధీమాతో ఉండేవాణ్ణి. నిజానికి ప్యాంటు బొజ్జ కిందికి జారి కూర్చుంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ మధ్యన, ఊపిరి వదిలాక టేపు చుట్టి చూస్తే 96 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు. చెన్నైలో రూపొందించిన భారతీయ మధుమేహ ముప్పు స్కోరు ప్రకారం నడుముకు 10, వ్యాయామం లేని కూర్చునే ఉద్యోగానికి 30, తల్లిదండ్రుల్లో ఒకరికి షుగర్ ఉన్నందుకు 10 కలిపి నాకు 50 వచ్చాయి. 60 వస్తేనే అధిక ముప్పు. అయితే 35 ఏళ్లలోపు వారికి వయస్సు కింద సున్నాయే పడుతుంది కనుక, ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండకపోవడమే నాకు మేలు చేసింది.

అంతకుముందు నాన్నగారి మిషన్‌తో వేలు గుచ్చి చూసుకుని బాగానే ఉందనుకున్నాను. అది నిర్ధారణకు పనికిరాదు. ల్యాబ్‌లో పరగడుపున ఇచ్చిన రక్తంలో షుగర్ 112, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బిఎ1సి 6.0 వచ్చాయి. పరగడుపున 100 నుంచి 125 వరకు, హెచ్‌బిఎ1సి 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు దశ అంటారు. పరగడుపున 126 లేదా హెచ్‌బిఎ1సి 6.5 నుంచి షుగర్ వ్యాధి కిందికి వస్తుంది, లక్షణాలు లేనివారిలో మరో పరీక్షతో నిర్ధారించుకుంటారు. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బిఎ1సి తప్పుదారి పట్టించవచ్చు, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

నాకు మందులు రాయలేదు. షిఫ్టులో తాగే ఐదు కప్పుల పంచదార టీని ఒకటికి తగ్గించి, అన్నం సగం చేసి పప్పు, కూర పెంచి, వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా వేగంగా నడిచాను. ఎనిమిది నెలల్లో తగ్గింది 6 కిలోలే అయినా పరగడుపు షుగర్ 97కు దిగింది, మెడ నలుపు పలచబడింది. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలోనూ 7 శాతం బరువు తగ్గడం, ఇంతే నడక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది.

ఫలితం మామూలుగా వస్తే కనీసం మూడేళ్లకొకసారి, బరువు ఇంకా పెరుగుతుంటే అంతకన్నా ముందే మళ్లీ చేయించుకోండి. ఈలోగా దాహం పెరిగి, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవవలసి వచ్చి, ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గుతుంటే, తగ్గుతున్నానని సంతోషించకుండా ఆ రోజే డాక్టరును కలవండి.