గుర్తించాడా? గుర్తుపట్టాడా?

సందేహం: దారి దోపిడీ కేసు విచారణ గురించి ఒక పత్రిక 'ప్రత్యక్ష సాక్షి నిందితుణ్ణి గుర్తించాడు' అనీ, మరో పత్రిక 'గుర్తుపట్టాడు' అనీ రాశాయి. రెండూ ఒకటేనా? సాక్షి వాంగ్మూలం తెలుగులో రాసేటప్పుడు ఏది వాడాలి? దోపిడీని బందిపోటు అనవచ్చా? – ఒక జూనియర్ న్యాయవాది, నరసరావుపేట

సమాధానం: సాక్షి విషయంలో 'గుర్తుపట్టాడు' అనే రాయండి.

'గుర్తించు' చాలా పనులకు పనికొచ్చే క్రియ. పోలీసులు రక్తపు మరకలు గుర్తిస్తారు. ప్రభుత్వం ఉద్యోగ సంఘాన్ని గుర్తిస్తుంది. మనిషి తన తప్పు తాను గుర్తిస్తాడు. వీటిలో దేనికీ పాత పరిచయం అక్కర్లేదు. 'సీసీ కెమెరాల సాయంతో పోలీసులు నిందితుణ్ణి గుర్తించారు' అంటే అతనెవరో కనిపెట్టారని అర్థం. ఆ పోలీసులు అతణ్ణి అంతకుముందు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. గుర్తుపట్టడానికి మాత్రం ముందు ఒకసారి చూసి ఉండాలి. ఇప్పుడు మళ్లీ చూసి ఆ ముఖమే ఈ ముఖమని చెప్పాలి. పెళ్లిలో చాన్నాళ్లకు కనిపించిన మేనత్త 'నన్ను గుర్తుపట్టావా?' అంటుంది గాని 'గుర్తించావా?' అనదు కదా. 'పోల్చుకున్నావా', 'ఆనవాలు పట్టావా' అనేవీ ఈ అర్థంలోవే.

దోపిడీ కేసులో ప్రత్యక్ష సాక్షి మీద పడే భారం సరిగ్గా ఇదే. నేరం జరిగినప్పుడు చూసిన మనిషే బోనులో నిలబడిన మనిషని అతను చెప్పాలి. ముక్కూ మొహం తెలియని వాళ్లు దోచుకుపోతే, అరెస్టు తర్వాత మేజిస్ట్రేటు సమక్షంలో పరేడ్ పెడతారు. నిందితుడి వయసు, ఎత్తు, వాలకం ఉన్నవాళ్లను పక్కన నిలబెట్టి సాక్షిని పిలుస్తారు. అంతకుముందే స్టేషన్‌లో నిందితుణ్ణి సాక్షికి చూపించి ఉంటే ఆ పరేడ్‌కు విలువ పోతుంది, ఎందుకంటే ఆ సాక్షి గుర్తుపడుతున్నది నేరస్థలంలో చూసిన ముఖాన్నో స్టేషన్‌లో చూసిన ముఖాన్నో తెలియదు. పరేడ్ ఎంత పకడ్బందీగా జరిగినా అది ఊతం మాత్రమే. అసలు సాక్ష్యం కోర్టులో జడ్జి ఎదుట గుర్తుపట్టడమేనని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. ఈ తతంగానికి మనవాళ్లు 'గుర్తింపు పరేడ్' అని పేరు పెట్టారు. ఆ నామవాచకాన్ని చూసి విలేకరులు క్రియను కూడా 'గుర్తించాడు' చేసేస్తున్నారని నా అభిప్రాయం. పరేడ్ పేరు అలాగే ఉండనివ్వండి, వాక్యంలో మాత్రం 'పరేడ్‌లో గుర్తుపట్టాడు' అనండి.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలి, వాంగ్మూలం రాసేవారికి ఇది మరీ ముఖ్యం. 'ఇతనే' అన్నదానికీ 'ఇతనిలాగే ఉన్నాడు' అన్నదానికీ ఎంత దూరమో చూడండి. రెండింటిలోనూ ఏకారం ఉంది. మొదటిదాంట్లో అది మనిషి మీద పడి, మరొకరు కాదని తేలుస్తోంది. రెండోదాంట్లో పోలిక మీద పడింది, కాబట్టి మనిషి ఇంకా తేలలేదు. 'ఇతనేమో' అంటే ఉన్న ఆ కాస్త నమ్మకమూ సందేహంలోకి జారిపోతుంది. సాక్షి తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో రికార్డయ్యేచోట ఈ మూడూ ఒకే 'గుర్తుపట్టాడు'గా మారిపోయే ప్రమాదం ఉంది. అలా మారితే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది, అది దోపిడీకి గురైనవాడు కావచ్చు, పొరపాటున ఇరుక్కున్నవాడు కావచ్చు. సాక్షి నోట వచ్చిన ప్రత్యయాన్ని వచ్చినట్టే రాయాలి. వాక్యం అందం కోసం దాన్ని సరిచేసే హక్కు రాసేవాడికి లేదు.

ఇంకా చిక్కు పెట్టేది కర్త. మన మాటల్లో కర్త చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది: 'బండి ఆపారు, కత్తి చూపించారు, గొలుసు లాక్కున్నారు.' కబుర్లలో ఇది చక్కగా సరిపోతుంది, సాక్ష్యంలో సరిపోదు. భయపడ్డ మనిషికి వచ్చినవాళ్లంతా ఒకే గుంపుగా కనిపిస్తారు కాబట్టి ఒకడు చేసిన పనిని కూడా 'చేశారు' అనేస్తాడు. కానీ భారతీయ శిక్షాస్మృతి 397వ సెక్షన్ ప్రకారం, దోపిడీలో ప్రాణాంతక ఆయుధం వాడినవాడికి శిక్ష ఏడేళ్లకు తగ్గకూడదు. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 311వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఢిల్లీలో జరిగిన ఒక పెట్రోలు బంకు దోపిడీ కేసులో 1975లో సుప్రీంకోర్టు ఆ పాత 397వ సెక్షన్‌కు అర్థం చెప్పింది. కత్తి ఝళిపించి భయపెట్టినా వాడినట్టేనంది. అయితే ఈ కనీస శిక్ష ఆయుధం వాడినవాడికే గాని, వాడని తోటి దొంగకు కాదని కూడా చెప్పింది. కాబట్టి 'కత్తి చూపించారు' అని రాస్తే ఎవరికి ఏడేళ్లు? 'పొట్టిగా ఉన్నతను కత్తి చూపించాడు, రెండోవాడు గొలుసు లాగాడు' అని సాక్షి విడదీసి చెబితేనే తేలుతుంది. తర్వాత 'పొట్టిగా ఉన్నతను ఇతనే' అని గుర్తుపట్టాలి. 'ఎవరు చూపించారు?' అన్న ఒక్క ప్రశ్న అడగడం మీ బాధ్యత. జవాబు మాత్రం మీరు అందించకండి, సాక్షి నోటే రావాలి.

వార్తల గురించి చిన్న మాట. తీర్పు రాకముందే 'దొంగను గుర్తుపట్టిన సాక్షి' అని శీర్షిక పెట్టడం తప్పు. అప్పటికి అతను నిందితుడే, కోర్టు పరిభాషలో ముద్దాయి. ముద్దాయి అనే ఈ మాటకు ఉర్దూలో ఫిర్యాది అని అర్థం. మన దగ్గరికి వచ్చేసరికి అటువాడు ఇటయ్యాడు. తెలుగులో స్థిరపడిపోయింది కాబట్టి మార్చనక్కర్లేదు గాని, ఉర్దూ పాత కాగితాలు చదివేటప్పుడు జాగ్రత్త.

ఇక బందిపోటు. మామూలు మాటల్లో భయంకరమైన దొంగ ఎవడైనా బందిపోటే. చట్టంలో మాత్రం అయిదుగురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి దోపిడీ చేస్తేనే బందిపోటు. నలుగురైతే అది దోపిడీయే, ఎంత కత్తి తిప్పినా సరే. మీరు పంపిన వార్తలో ముగ్గురే ఉన్నారు కనుక 'దారి దోపిడీ' అన్నదే సరైన మాట.