ముందు ఆ బట్టలు చూడు

తమ్ముడూ,

అమెరికా కంట్రీ (పల్లె పాటల) గాయకుడు జిమ్మీ రోజర్స్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మిసిసిపీలో పుట్టడం, రైళ్లలో బ్రేక్‌మన్ (బ్రేకులు చూసే) పని, క్షయ, 1933లో 35 ఏళ్లకే పోవడం, అన్నీ సరిగ్గానే రాశావు. ఆయన కనిపించిన సినిమా ఊసు మాత్రం దాదాపు లేదు. 1929లో న్యూజెర్సీలోని క్యామ్‌డెన్‌లో తీసిన ఆ చిన్న చిత్రం పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. పాటలు మూడే. దాని గురించి నువ్వు రాసింది ఒక్క వాక్యం, అందులో ఉన్నదల్లా 'అద్భుతం' అన్న మాట.

ఏం కనిపించిందో రాయి. రైల్వే స్టేషన్ హోటల్‌లా వేసిన సెట్టు. ఇద్దరు ఆడవాళ్లు, పాట వినడం తప్ప వాళ్లకి పెద్దగా పనేం లేదు. మాటలు బడి పిల్లలు పాఠం అప్పజెప్పినట్టుంటాయి. ఈయనేమో రైల్వే బట్టల్లో, చేతిలో గిటార్. జబ్బు వల్ల ఆ ఉద్యోగం ఎప్పుడో మానేశాడు కదా, మరి ఆ బట్టలు? ఒకప్పటి బతుకు అప్పటికే వేషమైపోయింది. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

నేనూ ఇదే తప్పు చేశాను. రికార్డులు మాత్రమే విని, బాంజో (గిటార్ లాంటి తీగల వాద్యం) వాయిస్తూ పాడే అంకుల్ డేవ్ మేకన్‌ని 'పల్లెటూరి హాస్యగాడు' అని తేల్చిపారేశాను. తర్వాత 1940లో రిపబ్లిక్ కంపెనీ తీసిన 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' చూశాను. కథ నాసిరకం, మధ్యలో నాకు నిద్ర కూడా పట్టింది. ఇంతలో ఆయనొచ్చాడు. ఒకప్పుడు కంచరగాడిదల బండ్ల మీద సరుకు తోలిన మనిషి, లారీలొచ్చి ఆ బేరం దెబ్బతింది. 1870లో పుట్టాడు, అంటే అప్పటికి డెబ్భై దగ్గర. పక్కన కొడుకు డోరిస్ గిటార్ వాయిస్తుంటే ఈ ముసలాయన బాంజోని గిరగిరా తిప్పుతాడు, టోపీ తీసి విసనకర్రలా దానికి గాలి విసురుతాడు. రికార్డులో ఇవేవీ వినపడవు మరి! వాయించడమూ ఆడడమూ ఆయనకి ఒకటే పని. అది తెలియకుండానే తీర్పు చెప్పేశాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈ సినిమాలు గొప్పవని వాదించకు, చాలావరకు కావు. హడావుడిగా, చవగ్గా చుట్టేసినవి. కొండ ప్రాంతపు జనాన్ని వెక్కిరించే సీన్లూ తక్కువేం కాదు, వాటినీ దాచకుండా రాయి.

ఈ రాత్రి డేవ్ పాట ఒక్కటీ సౌండ్ ఆపేసి చూడు. బాంజో ఆయన చేతుల్లో ఎక్కడెక్కడికి వెళ్లిందో వరసగా రాసి పంపు. నా జాబితా నా దగ్గరుంది, నీది వచ్చాకే చూపిస్తా.

నీ అక్క