కారు పికప్ పడిపోయింది, కొత్త కారు అడగవచ్చా?

ప్రశ్న: పదిహేను నెలల క్రితం రూ.11.40 లక్షలకు కొత్త డీజిల్ కారు కొన్నాను. 19 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆరు నెలలుగా పికప్ లేదు. ఘాట్ ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా లాగదు. నాలుగుసార్లు డీలర్ సర్వీస్ సెంటర్‌లో ఇస్తే మూడుసార్లు అంతా బాగుందన్నారు. ఈసారి డీజిల్ కల్తీ అంటూ, ఇంజెక్టర్ల పనికి వారంటీ వర్తించదంటున్నారు. కారు మార్చి ఇవ్వమని కేసు వేయవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: వేయవచ్చు. కానీ ‘అంతా బాగుంది’ అన్న కాగితాలు మాత్రమే పట్టుకుని వెళితే నిలబడటం కష్టం. లోపం ఉందని చూపాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుదే. కాబట్టి ముందు మీ నాలుగు జాబ్ కార్డులూ (బండి ఇచ్చినప్పుడు మీ ఫిర్యాదు, చేయాల్సిన పని రాసి సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితాలు) తీసి, మీ ఫిర్యాదు కింద ఏం రాశారో చూడండి. చాలాసార్లు అక్కడ ‘జనరల్ చెకప్’ అని ఉంటుంది. అలా ఉంటే ఆ రోజు మీరు పికప్ గురించి చెప్పినట్టే రికార్డు లేదు.

ఐదోసారి వెళ్లినప్పుడు మీరే చెప్పి రాయించండి: ‘మూడో గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వేగం అందుకోవడం లేదు’ అని. కిలోమీటర్ రీడింగ్, వెలిగిన వార్నింగ్ లైట్లు కూడా ఎక్కించాలి.

అంతకన్నా ముందు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. తొక్కగానే ఆర్‌పీఎం ముల్లు లేచి, వేగం మాత్రం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. క్లచ్ ప్లేటు అరిగే వస్తువు కాబట్టి వారంటీలో సాధారణంగా మినహాయింపు ఉంటుంది. అక్కడ కేసు బలహీనం. ముల్లు కూడా మందకొడిగా కదులుతుంటే ఇంజన్‌కు గాలో, ఇంధనమో సరిగా అందడం లేదు, లేదా పొగ బయటికి పోయే దారి మూసుకుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో గొట్టం లీకవడం, ఆ టర్బోను నియంత్రించే యాక్చుయేటర్ చెడటం, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోవడం, ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో ఒత్తిడి (రైల్ ప్రెషర్) పడిపోవడం, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) పూడిపోవడం... డీజిల్ బండిలో ముందుగా అనుమానించాల్సినవి ఇవే.

వీటిలో చాలావరకు బండి కంప్యూటర్‌లో లోపం కోడ్‌గా జాడ వదులుతాయి, స్కానర్ తగిలిస్తే అది కనిపిస్తుంది. పి0299 వస్తే టర్బో ఒత్తిడి చాలడం లేదని, పి0087 అయితే రైల్ ప్రెషర్ తక్కువని, పి2463 అయితే డీపీఎఫ్‌లో మసి పేరుకుందని అర్థం. కోడ్ చెరిపేస్తే అది నమోదైన క్షణంలోని వేగం, లోడ్ వంటి వివరాలూ పోతాయి. అందుకే చెరపకముందే ప్రింట్ అడగండి. కోడ్ లేనంత మాత్రాన లోపం లేదని కాదు. సర్వీస్ ఇంజనీర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, స్కానర్ తగిలించి రోడ్ టెస్ట్ చేయించండి. టర్బో, రైల్ ప్రెషర్ ఎంత ఉండాలి, నిజంగా ఎంత ఉంది అన్న అంకెలు రికార్డు చేయమనండి. నిరాకరిస్తే ఈమెయిల్‌లో అడగండి. ఆ నిరాకరణే సేవాలోపానికి సాక్ష్యం. బండి తీసుకునేటప్పుడు సంతృప్తి పత్రంపై ఊరికే సంతకం పెట్టకుండా ‘సమస్య తీరలేదు’ అని రాసి పెట్టండి. బయటి మెకానిక్‌తో స్కాన్ చేయించుకోవచ్చు గానీ ఇంజన్ విప్పించకండి. వారంటీ తిరస్కరించడానికి అదే సాకు అవుతుంది.

డీజిల్ కల్తీ అన్న మాటకు ఆధారం వాళ్లే చూపాలి. మీ ఎదుట నమూనా తీసి సీల్ వేశారా, ఏ ల్యాబ్‌కు పంపారు, నివేదిక ఏది అని రాతపూర్వకంగా నిలదీయండి. బంకు బిల్లులు దాచండి. కల్తీ నిజమని తేలితే మాత్రం మీ దావా బంకు మీదే తప్ప కారు కంపెనీ మీద కాదు. డీపీఎఫ్ లైటు వెలిగినా, మసి కాలిపోయేలా మాన్యువల్‌లో చెప్పినట్టు బండి నడపకపోతే ఆ తప్పు మీ మీదకే వస్తుంది. ఇది ముందే సరిచూసుకోండి.

ఇక కొత్త కారు సంగతి. ఒక భాగం మారిస్తే పోయే లోపానికి బండి మొత్తం మార్చమనడం సరికాదని 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని కొత్త కారు ఒక్కటే అడిగితే దెబ్బతింటారు. వినియోగదారుల రక్షణ చట్టం–2019 సెక్షన్ 39 కింద ముందుగా లోపాన్ని ఉచితంగా సరిచేయమని, అది సాధ్యం కాకపోతే కారు మార్చడమో ధర వాపసో ఇవ్వమని, వీటితోపాటు పరిహారం, ఖర్చులు కోరండి. తయారీ లోపమని తేల్చడానికి సెక్షన్ 38(2)(సి) కింద సాంకేతిక పరీక్షకు ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఫీజు మొదట మిమ్మల్నే కట్టమనవచ్చు.

డీలర్‌ను, తయారీదారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. చెల్లించిన ధర 50 లక్షల లోపే కాబట్టి మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. మీ ధరకు ఫీజు రూ.400. న్యాయవాది తప్పనిసరి కాదు. లీగల్ నోటీసు కూడా చట్టం అడగదు, అయినా 15 రోజుల గడువుతో ఒకటి పంపండి. దానికి వచ్చే జవాబులో వాళ్ల వాదన ముందే బయటపడుతుంది. సెక్షన్ 69 ప్రకారం కారణం తలెత్తినప్పటి నుంచి రెండేళ్లే గడువు. దాన్ని సమస్య మొదలైన రోజు నుంచే లెక్కేసుకోండి. సర్వీస్ సెంటర్ చుట్టూ తిరుగుతున్నాం కదా అని ఊరుకోవద్దు.

పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఈలోగా ఈఎంఐలు ఆపకండి, బ్యాంకుకు ఈ వివాదంతో సంబంధం లేదు. కోపంతో కారును వర్క్‌షాప్‌లో వదిలేసి రాకండి, పార్కింగ్ చార్జీలు వేస్తారు. అభ్యంతరం రాసి బండి ఇంటికి తెచ్చుకోండి. నాలుగు జాబ్ కార్డుల నకళ్లు ఈ వారంలోనే తీసి పెట్టుకోండి.