సరుకుకి కాపలా ఎవరు?

బాబూ,

నీ వ్యాసంలో నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. అది లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. కాగితాలు అలమరలో పడేసి ఊరుకునేవాణ్ణి.

2019 దీపావళికి వచ్చిన కార్తి 'ఖైదీ' గురించి జనం ఏమనుకుంటున్నారో రాశావు. పాటల్లేవు, హీరోయిన్ లేదు, అయినా బోర్ కొట్టలేదని ఒకరు. బిర్యానీ తినే సీన్ కేక అని ఇంకొకరు. తండ్రీకూతుళ్ల సెంటిమెంట్‌కి ఏడుపొచ్చిందని ఒకావిడ. చివర్లో మెషిన్ గన్ కొంచెం ఓవరని ఒక ఇంజినీరింగ్ కుర్రాడు. చిరంజీవి 'ఖైదీ' ముందు ఇదెంత అని ఒక పెద్దాయన. వరసగా అందరూ వచ్చారు, వెళ్లారు. మధ్యలో మీ మావయ్య. హెడ్ కానిస్టేబులనీ, ఏజెన్సీ స్టేషన్‌లో చాలాకాలం చేశాడనీ రాశావు. టీవీలో సినిమా అయిపోయాక ఆయన ఒకే మాట అన్నాడట: "అంత సరుకుకి కాపలా ఒక్కడా?" ఆ మాట రాసి, వెంటనే పేరా మార్చి, నేపథ్య సంగీతం అదిరిందని అందుకున్నావు. అక్కడ నాకు ఒళ్లు మండింది.

నీ మిగతా అభిప్రాయాలన్నీ ఏ సినిమాకైనా అతుకుతాయి. మావయ్య మాట ఈ సినిమాకి తప్ప దేనికీ అతకదు. కథ గుర్తు చేసుకో. పోలీసులు పట్టుకున్న కొకైన్‌ని కమిషనర్ ఆఫీసు అడుగున రహస్యపు గదిలో దాచారు. విందులో మత్తుమందు కలిపిన మద్యం తాగి అధికారులు పడిపోయారు. ఆఫీసులో మిగిలింది అప్పుడే డ్యూటీలో చేరడానికి వచ్చిన ఒక కానిస్టేబుల్, కొందరు కాలేజీ పిల్లలు. ప్రేక్షకులందరూ లారీలో హీరో పక్కన, అదే ఢిల్లీ అనే ఖైదీ పక్కన కూర్చుని ప్రయాణం చేస్తున్నారు. మీ మావయ్య ఒక్కడే ఆ ఆఫీసులో ఉండిపోయాడు. ఎందుకుండిపోయాడో నువ్వు అడగలేదు.

నేను చెప్తాను. సినిమాకి సరుకు పట్టుకోవడంతో సగం పని అయిపోతుంది. పోలీసుకి అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుంది. సినిమాలో కొకైన్, మన ఏజెన్సీలో గంజాయి. అది 20 కిలోలు దాటితే చట్టం దృష్టిలో అది వాణిజ్య పరిమాణం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష, బెయిలు దొరకడం మహా కష్టం. శిక్ష అంత పెద్దది కాబట్టి కోర్టు ప్రతి ముడీ విప్పి చూస్తుంది. మధ్యవర్తులుగా, అంటే సాక్షులుగా, వచ్చిన వీఆర్వోలు సంతకం ఎక్కడ పెట్టారు, తూకం ఎవరు వేశారు, సీలు ఎవరి దగ్గరుంది. శాంపిల్స్ మేజిస్ట్రేట్ ఎదుటే తీయాలని 2016లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా, కొండలెక్కి దిగి పట్టుకున్న కేసు కొట్టుకుపోవచ్చు. కాపలా కాసినవాడు బోనెక్కి సమాధానం చెప్పుకోవాలి.

ఉత్తరప్రదేశ్‌లోని మథురలో 2022లో ఏమైందో చదివే ఉంటావు. స్టేషన్లలో దాచిన 581 కిలోల గంజాయిని ఎలుకలు తినేశాయని పోలీసులు కోర్టుకి చెప్పారు. ఋజువు చూపించమంది కోర్టు. దేశమంతా నవ్వుకుంది. మీ మావయ్య నవ్వి ఉండడని నా నమ్మకం. అదే ఏడాది ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో మన పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. పేపర్లన్నీ మంట ఫోటో వేశాయి. అంత సరుకు ఆ మంట దాకా చేరేలోపు ఎన్ని స్టేషన్లలో, ఎన్ని గదుల్లో, ఎవరి తాళం కింద ఉందో ఒక్క పేపరూ రాయలేదు. అది తెలిసిన మనిషి మీ ఇంట్లో సోఫాలో కూర్చుని ఉంటే నువ్వు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ గురించి రాస్తావా?

నాకు మొదట్నుంచీ ఒకటే పట్టుదల. మాట అన్న మనిషి కనపడని అభిప్రాయం అచ్చుకి పనికిరాదు. 'స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్', 'సెకండాఫ్ ల్యాగ్' లాంటివి జనం మాటలు కావు. రివ్యూలు చదివి నేర్చుకున్న మాటల్ని మళ్లీ మనకే అప్పజెప్తున్నారు. పొద్దున బెనిఫిట్ షో వదలకముందే రెండుముప్పావు రేటింగ్ వేసేసేవాళ్ల వల్ల ఈ తెగులు ముదిరింది. ఆ పావు ఎక్కడ తగ్గిందో చెప్పమంటే ఒక్కడూ చెప్పలేడు.

పాత సంగతి ఒకటి చెప్తాను. కుర్రతనంలో ఒక వారపత్రికకి 'హాలు బయట' అని శీర్షిక రాసేవాణ్ణి. నర్సీపట్నంలో ఒక పోలీసు సినిమా ఆడుతోంది. మ్యాట్నీ వదిలాక అందరూ పేపరువాడు వచ్చాడని జుట్టు సర్దుకుని 'సందేశాత్మక చిత్రం' అని చెప్పారు. సైకిల్ స్టాండ్ దగ్గర ఒక ముసలాయన మాత్రం, "ఆ స్మగ్లరు ఇంట్లో ఏటి తింటాడో సూపించనేదు బాబూ" అన్నాడు. చింతపల్లి వైపు మనిషి. కొండమీద పండించేవాడి ఇంట్లో ఏముంటుందో ఆయనకి తెలుసు. శీలావతి రకం గంజాయి పండించినవాడికి దక్కేది ఎంత, దారిలో పోలీసులున్నారేమో చూసే పైలట్ బండి ముందు పెట్టుకుని లోడు దాటించేవాడికి మిగిలేది ఎంత, ఆ తేడా ఆయన ప్రశ్నలో ఉంది. అదొక్కటే పెట్టి పేజీ రాసిచ్చాను. సంపాదకుడు ముసలాయన్ని తీసేసి, సందేశాత్మక చిత్రాన్ని బాక్సు కట్టి వేశాడు. పైగా యాస బాగాలేదట. ఆ పెద్దమనిషి తర్వాత అవార్డులు తీసుకున్నాడు, నేను వెళ్లి చప్పట్లు కొట్టలేదు.

భాష గురించి అడిగావు. శుభ్రంగానే ఉంది. కలం పేరు పెట్టుకోవాలా, ఎవరికి పంపాలి అనేవి ఇప్పుడు వద్దు.

ఇంటికెళ్లి మావయ్య దగ్గర కూర్చో. కేసు వివరాలు, ముద్దాయిల పేర్లు అడగకు, ఆయన ఉద్యోగానికి ముప్పు తేకు. రాత్రి సెంట్రీ డ్యూటీలో ఆ గది ఎలా ఉంటుందో అడుగు. గంజాయి మూటల వాసన యూనిఫాంకి పడుతుందా? ఇంట్లో అత్తయ్య ఏమంటుంది? వర్షం పడితే మూటలు ఎటు జరుపుతారు? సినిమాలో ఆ కానిస్టేబుల్ తలుపులు మూసి పిల్లల్ని కూడగట్టినప్పుడు ఆయన ఏం చేస్తున్నాడు, టీ తాగుతున్నాడా, లేచి నిలబడ్డాడా? అది నువ్వు చూసే ఉంటావు, ఆ గదిలోనే ఉన్నావు కదా.

రాసింది మళ్లీ పంపు. ఈసారి రేటింగ్ వేస్తే మాత్రం చదవను. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన